సియాటిల్‌కి అమ్మానాన్నలు వస్తున్నారు, ఓర్కాలు చూడ్డానికి బోటు ఎక్కించాలా వద్దా?

వచ్చే నెల అమ్మానాన్నలు వస్తున్నారు, ఓర్కాలు (నలుపూ తెలుపూ కలిసిన కిల్లర్ వేల్స్) చూపించే వేల్ వాచింగ్ బోటు బుక్ చేద్దామంటే మీ తమ్ముడు "ఆ బోట్ల చప్పుడుకే తిమింగలాలు చచ్చిపోతున్నాయి" అని అడ్డం పడుతున్నాడు, అందులో నిజమెంత అని అడిగారు. నేను ఇక్కడికొచ్చి పదేళ్ళు దాటింది, బోటు మీంచీ చూశాను, ఒడ్డు మీంచీ చూశాను, అందుకని రాస్తున్నా.

2016 వేసవిలో మావాళ్ళని నేనూ బోటే ఎక్కించాను. సియాటిల్‌కి ఉత్తరాన కెనడా సరిహద్దు పక్కనున్న శాన్ హువాన్ దీవుల పడమటి వైపు ఓర్కాలు కనబడే సరికి అప్పటికే అక్కడ పది పన్నెండు పడవలున్నాయి, టూర్ బోట్లు, సొంత పడవల వాళ్ళు, అందరూ కలిపి. మా బోటులో జనమంతా ఒక పక్కకి చేరి ఫోన్లు పైకెత్తారు. అమ్మ మాత్రం కాసేపు చూసి, "అవి తిండి వెతుక్కుంటున్నాయి కాబోలు, చుట్టూ ఇంతమంది మూగితే ఎట్లా తింటాయిరా" అంది. తలకి వంద డాలర్ల పైన పోసి తీసుకొస్తే ఇదా మాట అని నాకు చిరాకేసింది. తర్వాత దీని గురించి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి తేల్చిందీ దాదాపు అదేనని.

అక్కడికి చేపల కోసం వస్తూ పోతూ గుంపులుగా బతికే ఓర్కాల్ని సదరన్ రెసిడెంట్స్ అంటారు. (లెక్కకి ఇవి డాల్ఫిన్ కుటుంబమే, అయినా అందరం తిమింగలాలనే అంటాం.) మొత్తం మిగిలినవి డెబ్భై చిల్లర, 2005 నుంచి అమెరికా ప్రభుత్వ అంతరించే జాతుల జాబితాలో ఉన్నాయి. వీటికి ముఖ్యమైన తిండి చినూక్ సాల్మన్ చేప. ఆ నీళ్ళలో కంటికి ఎంతో దూరం ఆనదు కాబట్టి టకటకమని క్లిక్కులు వదిలి, చేపకి తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిని బట్టి వెతుక్కుంటాయి. ఇంజిను మోత ఆ ప్రతిధ్వనిని మింగేస్తుంది. మన పెళ్ళిళ్ళలో డీజే పక్కన కూర్చుని పక్కవాడితో మాట్లాడాలంటే గొంతు చించుకుంటాం చూడండి, ఇవీ అంతే, చుట్టూ చప్పుడు ఒక డెసిబెల్ పెరిగితే ఇవీ తమ అరుపుని ఒక డెసిబెల్ పెంచుతున్నాయని 2009లో వచ్చిన ఒక పరిశోధనలో తేలింది. తర్వాత వాటి వీపు మీద రబ్బరు కప్పులతో అంటుకునే రికార్డర్లు పెట్టి చూశారు. పడవ 400 గజాల లోపుకి వస్తే ఆడ ఓర్కాలు వేట మానేయడం ఎక్కువని 2021లో బయటపెట్టారు. కడుపుతో ఉన్నవీ, పిల్లకి పాలిచ్చేవీ ఆడవే కాబట్టి నాకు అన్నిటికన్నా గుచ్చుకున్న సంగతి ఇదే.

అయితే మీ తమ్ముడు చెప్పింది కూడా పూర్తిగా కరెక్ట్ కాదు. చప్పుడొక్కటే వాటిని చంపడం లేదు. సాల్మన్ తగ్గిపోయింది, పాత రసాయనాలు వాటి కొవ్వులో పేరుకుపోయాయి, ఆకలికి కొవ్వు కరిగితే ఆ విషం ఒంట్లోకి దిగుతుంది. ఉన్న కాసిని చేపల్నీ దొరకబుచ్చుకోనివ్వకపోవడం ఈ చప్పుడు చేసే పని. పైగా టూర్ బోట్లని తిట్టి ఊరుకుంటే సరిపోదు, కెనడాలోని వాంకూవర్ రేవుకి పోయే పెద్ద ఓడలు సరిగ్గా ఈ ఓర్కాలు తిరిగే హారో జలసంధిలోంచే (ఆ దీవుల పడమటి పక్క నీటి దారి) పోతాయి.

ఆ ఓడల చప్పుడు నేను స్వయంగా విన్నాను. పోయినేడు అమ్మ మళ్ళీ వచ్చినప్పుడు ఈసారి బోటు వద్దనుకుని శాన్ హువాన్ దీవి పడమటి ఒడ్డున ఉన్న లైమ్ కిల్న్ పాయింట్ పార్కుకి వెళ్ళాం, పాత లైట్‌హౌస్ ఉంటుంది, ఒడ్డునే నీళ్ళు బాగా లోతు కాబట్టి ఓర్కాలు ఒక్కోసారి రాళ్ళకి దగ్గరగా పోతాయి. ఆ తీరంలో నీళ్ళలో హైడ్రోఫోన్లు (నీళ్ళ కింద చప్పుడు పట్టే మైకులు) ఉన్నాయి, ఓర్కాసౌండ్ అనే సైటులో లైవ్ వినొచ్చు. పులిహోర డబ్బా మధ్యలో పెట్టుకుని, ఇయర్‌ఫోన్ చెరొకటి పెట్టుకుని కూర్చున్నాం. బయట గాలి తప్ప ఏమీ లేదు. దూరంగా ఒక కంటైనర్ ఓడ, అగ్గిపెట్టెంత. చెవిలో మాత్రం గర్‌ర్‌ర్ అని ఒకటే రొద, అది పెరిగి పెరిగి, ఓడ కనుమరుగయ్యాక కూడా చాలాసేపు తగ్గలేదు. అమ్మ ఇయర్‌ఫోన్ తీసేసి "మన ఊళ్ళో పిండిమర పక్కన కాపురం ఉన్నట్టుంది" అంది. నీళ్ళలో శబ్దం గాలిలోకన్నా నాలుగు రెట్లకి పైగా వేగంతో పోతుంది, చాలా దూరం పోతుంది. అన్నట్టు అక్కడ ఫోను కెనడా టవర్ పట్టుకుంటుంది, రోమింగ్ చూసుకోండి.

కాస్త ఊరట కూడా ఉంది. ఓడని నడిపే పంకా (ప్రొపెల్లర్) గట్టిగా తిరిగితే నీళ్ళలో బుడగలు పుట్టి పగులుతాయి, మోతలో చాలా భాగం దానిదే, అందుకే వేగం తగ్గిస్తే చప్పుడూ తగ్గుతుంది. 2017 నుంచి వాంకూవర్ రేవు వాళ్ళు అడిగితే ఓడలు స్వచ్ఛందంగా అక్కడ నెమ్మదిగా పోతున్నాయి. చప్పుడు తగ్గితే ఫలితం ఎంత తొందరగా కనబడుతుందో 2001లో జరిగిన ఒక సంగతిని బట్టి తర్వాత తెలిసింది. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కొన్నాళ్ళు ఓడలు తగ్గాయి కదా, కెనడాలో అటు చివర, తూర్పు తీరాన, బే ఆఫ్ ఫండీలో నీళ్ళ కింద చప్పుడు 6 డెసిబెల్స్ తగ్గింది, అదే సమయంలో అక్కడి రైట్ వేల్స్ (ఇంకో జాతి తిమింగలాలు) పేడలో టెన్షన్ హార్మోన్లు కూడా తగ్గాయి. (పేడ వాసన పట్టడానికి కుక్కల్ని పడవల్లో తిప్పారు, నమ్మండి.)

ఇక మీ సంగతి. 2025 జనవరి నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలో సదరన్ రెసిడెంట్స్‌కి 1,000 గజాల లోపు సొంత పడవలైనా టూర్ బోట్లైనా వెళ్ళకూడదు. అంటే బోటు ఎక్కితే మీరు చూసేది చాలావరకు సీల్స్‌ని తినే మరో రకం ఓర్కాల్ని, బిగ్స్ అంటారు, లేదా హంప్‌బ్యాక్ అనే పెద్ద తిమింగలాల్ని. వాటి సంఖ్య పెరుగుతోంది కాబట్టి నేనైతే బోటుని మరీ తప్పుపట్టను, కానీ బుక్ చేసేముందు ఫోన్ చేసి, వేల్ దగ్గర ఎంత వేగంతో పోతారు, ఎంతసేపు ఉంటారు అని అడగండి. తిన్నగా సమాధానం చెప్పకపోతే వేరేవాళ్ళని చూసుకోండి.

నన్నడిగితే మాత్రం లైమ్ కిల్నే. గ్యారంటీ లేదు, నేను నాలుగుసార్లు వెళ్తే రెండుసార్లే కనబడ్డాయి, అమ్మతో వెళ్ళిన రోజు ఒక సీల్ తలకాయ తప్ప ఏమీ రాలేదు. దీవికి అనకోర్టెస్ ఊరి నుంచి పోయే ఫెర్రీకి కారు రిజర్వేషన్ ముందే చేసుకోండి, పార్కుకి డిస్కవర్ పాస్ (రాష్ట్ర పార్కుల్లో కారు పెట్టుకోడానికి పాస్) కావాలి, ఆగస్టులో కూడా గాలి చలిగా ఉంటుంది, నాన్నగారికి మఫ్లర్ పెట్టండి.