పింగ్ వెళ్తోంది... రిమోట్ డెస్క్‌టాప్ మాత్రం ఆగిపోతోంది!

ప్రశ్న: విజయవాడలో మా నాన్నగారి షాపులో ఉన్న విండోస్ కంప్యూటర్‌ని హైదరాబాద్ నుంచి వైర్‌గార్డ్ టన్నెల్ (ఇంటర్నెట్ మీద రెండు కంప్యూటర్లను రహస్యంగా కలిపే వీపీఎన్ దారి) ద్వారా వాడుతుంటాను. ఈమధ్య షాపులో ఇంటర్నెట్ కనెక్షన్ మార్చారు. అప్పట్నుంచి పింగ్ (అవతలి కంప్యూటర్ పలుకుతోందా అని చూసే చిన్న సందేశం) వెళ్తోంది కానీ, రిమోట్ డెస్క్‌టాప్ నల్ల తెర దగ్గరే ఆగిపోతోంది. అక్కడ వైర్‌గార్డ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయమంటారా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. మీరు లోపలికి వెళ్లే దారే అది. తీసేస్తే విజయవాడ బస్సెక్కాల్సిందే.

పింగ్ వెళ్తోందంటే టన్నెల్ బాగానే ఉంది. ఎన్‌క్రిప్షన్ కీలు (తాళంచెవుల్లాంటి రహస్య కోడ్‌లు), పోర్టు అన్నీ సరిగ్గానే ఉన్నట్టు. అయితే విండోస్‌లో మామూలు పింగ్ మోసుకెళ్లేది 32 బైట్లే. రిమోట్ డెస్క్‌టాప్ తెర బొమ్మను పంపేటప్పుడు ప్యాకెట్లు (డేటా ముక్కలు) నిండుగా బయల్దేరతాయి. అవే దారిలో పడిపోతున్నాయి.

వైర్‌గార్డ్ సాధారణంగా 1420 బైట్ల ప్యాకెట్‌ని తీసుకుని దాని మీద తన కవరు తొడుగుతుంది. ఐపీవీ4 (ఇంటర్నెట్ అడ్రస్‌ల పాత పద్ధతి) మీద వెళ్తే ఆ కవరు 60 బైట్లు, ఐపీవీ6 (కొత్త పద్ధతి) మీద 80. అంటే ఐపీవీ6లో మొత్తం సరిగ్గా 1500. పీపీపీఓఈ రకం (యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే) బ్రాడ్‌బ్యాండ్‌లో ప్యాకెట్ హద్దు మాత్రం 1492. మీ కొత్త కనెక్షన్ అదే రకమైతే ఆ 8 బైట్ల దగ్గరే చిక్కు. 'ప్యాకెట్ పెద్దదైంది, తగ్గించు' అని రౌటర్ కబురు పంపాలి. భద్రత పేరుతో ఐసీఎంపీ (ఇలాంటి కబుర్లు మోసే పద్ధతి) మొత్తాన్ని ఆపేసే ఫైర్‌వాల్ ఉంటే ఆ కబురూ అందదు. ఇలా గుడ్డిగా ఆపేయడం తప్పని నా గట్టి అభిప్రాయం.

ఖాయం చేసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో షాపు కంప్యూటర్ టన్నెల్ అడ్రస్‌కి పింగ్ కొట్టండి. కమాండ్‌కి 'మైనస్ ఎఫ్', 'మైనస్ ఎల్ 1392' జోడించండి. 1392కి హెడర్ల (ముందు చేరే అడ్రస్ వివరాల) 28 బైట్లు కలిస్తే 1420. దీనికి 'రిక్వెస్ట్ టైమ్డ్ అవుట్' అని వచ్చి, 1200 పెట్టినప్పుడు జవాబు వస్తే అనుమానం అక్కర్లేదు.

మందు మీ హైదరాబాద్ కంప్యూటర్‌లోనే వేయొచ్చు. వైర్‌గార్డ్‌లో మీ టన్నెల్‌ని ఎడిట్ చేసి, ఇంటర్‌ఫేస్ విభాగంలో 'ఎంటీయూ = 1280' (ఎంటీయూ అంటే ప్యాకెట్ గరిష్ఠ సైజు) అనే లైను ఇంగ్లిష్‌లో చేర్చి సేవ్ చేయండి. కవరుతో కలిపినా 1360 దాటదు. ఇంకా తగ్గిస్తే టన్నెల్ లోపల ఐపీవీ6 నడవదు కాబట్టి అక్కడితో ఆగండి. టీసీపీ (డేటా సరిగ్గా చేరేలా చూసే పద్ధతి) కనెక్షన్ మొదలయ్యేటప్పుడే మీ కంప్యూటర్ 'ఇంతకంటే పెద్ద ముక్క పంపొద్దు' అని అవతలికి చెప్తుంది, షాపు కంప్యూటర్ ఆ మాట పాటిస్తుంది. అందుకే ఒక వైపు మార్చినా రెండు వైపులా పని జరుగుతుంది.

షాపులోనూ 1280 పెట్టాలనుకుంటే, నాన్నగారు కంప్యూటర్ ముందు కూర్చుని, ఫోన్లో మీతో మాట్లాడుతుండగా చేయండి.