ఊరు కదిలే ముందు తమ్ముడికీ మరదలికీ

చి. తమ్ముడికి, చి.ల.సౌ. మరదలికి అక్క దీవెనలు.

ఇల్లు అమ్మేసి హైదరాబాదులో అమ్మాయి దగ్గరికి వచ్చేద్దామా, ఓపిక ఉన్నన్నాళ్ళు ఊళ్ళోనే ఉందామా అని అడిగావు. ఫోన్లో తేలే విషయం కాదని రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. రండి. ఇద్దరికీ కాళ్ళూ చేతులూ ఆడుతుండగానే రండి. అయితే అమ్మాయి ఇంట్లోకి కాదు, అమ్మాయి ఇంటికి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఇల్లు తీసుకోండి. ఊళ్ళో ఇల్లు మాత్రం ఇప్పుడప్పుడే అమ్మకండి.

ఇప్పుడే ఎందుకంటావేమో. మన ఊళ్ళల్లో మామూలుగా జరిగేది నీకూ తెలుసు. ఇద్దరిలో ఒకరు పోతారు. పెద్దకార్యం అవగానే పిల్లలు మిగిలిన మనిషిని రెండు సూట్‌కేసులతో సిటీకి తీసుకుపోతారు. తోడు, ఇల్లు, ఊరు మూడూ ఒకే పక్షంలో పోతే ఏ మనిషి తట్టుకుంటుంది? ఇద్దరూ కలిసి వస్తే కొత్త చోటు కలిసే అలవాటవుతుంది. మంచి కూరలు ఎక్కడ దొరుకుతాయి, ఏ డాక్టరు మాట వింటాడు, సాయంత్రం ఎక్కడ కూర్చోవాలి అన్నీ ఇద్దరికీ తెలిసి ఉంటాయి. రేపు ఒక్కరే మిగిలినా, ఆ చోటు అప్పటికి కొత్తది కాదు.

వరద సంగతి కూడా ఆలోచించు. 86లో మనం పడుచువాళ్ళం. ధాన్యం బస్తాలు అటక ఎక్కించాం, గొడ్లని గట్టు మీదికి తోలాం, అలిసిపోయామన్న మాటే లేదు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి నీరు 17.75 అడుగులు దాటి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చినప్పుడు మీ లంకకి పడవే దారి. బీపీ మాత్రలు అయిపోతే ఎవరు తెస్తారని నేను ఇక్కడ నిద్రపోలేదు. పైగా మోకాళ్ళ నొప్పులున్న మనిషివి. పడవ ఎక్కడానికే ఇద్దరు పట్టుకోవాలి నిన్ను.

ఇక మరదలా, ఈ మాట నీకు. తమ్ముడు అన్నీ చెప్పాడు గానీ నీకేం కావాలో చెప్పలేదు. నిన్ను అడిగి ఉండడు. ఊరు వదిలితే ఎక్కువ పోగొట్టుకునేది నువ్వు. వాడికి పార్కులో నలుగురు పెద్దమనుషులు దొరికితే పేపరూ రాజకీయాలతో పొద్దు గడిచిపోతుంది. నీకు గోడవతల నుంచి ములక్కాడలు అందించే మనిషి, కార్తీకంలో తెల్లారగట్ల రేవుకి పిలిచే మనిషి అపార్ట్‌మెంటులో వెంటనే దొరకరు. తలుపులన్నీ వేసే ఉంటాయి. దొరుకుతారు గానీ నువ్వే ముందు వెళ్ళి పలకరించాలి. విష్ణు సహస్రనామం చదివేవాళ్ళు ప్రతి అపార్ట్‌మెంటులోనూ ఉంటారు, అక్కడ మొదలుపెట్టు.

వేరే ఇల్లు అని నేను పట్టుబట్టేది కూడా నీ కోసమే. నా మేనకోడలు బంగారం లాంటి పిల్ల. అయినా దాని వంటగదిలో ఇంగువ డబ్బా ఎక్కడుందో నువ్వు అడిగి తీసుకోవాలి. ఇన్నేళ్ళు ఇల్లు నడిపిన దానివి. నీ పొయ్యి మీద నీకిష్టమైన పులుసు నువ్వు కాచుకుని, గిన్నెలో పోసి దానికి పంపిస్తే ఆ మర్యాదే వేరు. పిల్లల్ని చూసుకునే పని కూడా రోజుకి ఎన్ని గంటలో ముందే అనుకోండి. ప్రేమ కొద్దీ మొదలైన పని డ్యూటీ అయిపోతే నడుము నీదే విరుగుతుంది.

కూతురి దగ్గర ఉంటే నలుగురూ ఏమనుకుంటారోనని నువ్వు వెనకాడుతున్నావని తెలుసు తమ్ముడూ. ఆ టెన్షన్ వదిలెయ్యి. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన చట్టంలో పిల్లలంటే కొడుకులూ కూతుళ్ళూ ఇద్దరూనూ. మన ఇళ్ళల్లో చూసుకుంటున్నదీ ఎక్కువగా కూతుళ్ళే. కాకపోతే అల్లుడితో నువ్వే నేరుగా మాట్లాడు, అమ్మాయి చేత చెప్పించకు. అద్దె, మందులు, ఆసుపత్రి ఖర్చు ఎవరు ఎంత పెట్టుకోవాలో అమెరికాలో ఉన్న మా మేనల్లుణ్ణి కూడా లైన్లో పెట్టి ఒకేసారి తేల్చుకోండి.

ఆస్తి మాత్రం ఎవరికీ ఇప్పుడే రాసెయ్యకు. ఎంత మంచి పిల్లలైనా సరే. వీలునామా అయితే బతికున్నన్నాళ్ళు మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షుల సంతకాలుంటే అది చెల్లుతుంది, రిజిస్టర్ చేయిస్తే ఇంకా మంచిది. ఆస్తి ఇప్పుడే వాళ్ళ పేర రాసిచ్చే సెటిల్‌మెంటు దస్తావేజు రిజిస్టర్ అయ్యాక వెనక్కి తీసుకోవడం మహా కష్టం. తప్పనిసరై రాయాల్సి వస్తే, మా ఇద్దర్నీ చివరిదాకా చూసుకోవాలన్న షరతు అందులోనే అక్షరాల్లో రాయించు. ఆ 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కి వెళ్ళాల్సి వస్తే ఆ వాక్యమే నీకు బలం.

ఇల్లు అమ్మొద్దంటే తాళం వేసి రమ్మని కాదు. మనిషి అలికిడి లేని పెంకుటిల్లు ఎక్కువ కాలం నిలవదు. తొలకరికి ముందు పెంకు సర్దించకపోతే పగిలిన ఒక్క పెంకులోంచి కారిన నీళ్ళు వాసం వెంట గోడలోకి దిగుతాయి. గోడ చెమ్మగిల్లితే చెద పడుతుంది, చెద టేకు గుమ్మం దాకా పోతుంది. ఇదంతా జరుగుతున్నట్టు వీధిలో వాళ్ళకి కూడా తెలియదు. నమ్మకమైన కుటుంబాన్ని పెట్టు, అద్దె తీసుకోకపోయినా సరే, కాగితం మాత్రం రాయించు. మీకు ఒక గది ఉంచుకోండి. పాత గుమ్మాలు, స్తంభాలు కొంటామని వచ్చేవాళ్ళకి ఒక్కటి కూడా ఇవ్వకు.

కొబ్బరితోటకి నెలన్నరకోసారి కాయల దింపు ఉంటుంది కాబట్టి దూరాన్నుంచి నువ్వు లెక్క చూడలేవు, ఏడాది కౌలుకి ఇచ్చెయ్యి. చేను చేసే రైతుకి 11 నెలల ఒప్పందం మీద సంతకం పెట్టడానికి భయపడకు. కౌలు రైతుల కోసం 2019లో వచ్చిన చట్టం ప్రకారం దాంతో నీ హక్కుకి ఏమీ కాదు. అది లేకపోతే పాపం అతనికి పంట రుణం దొరకదు. మీ ఊరి భూముల రీసర్వే ఇంకా అవకపోతే, సర్వేయరు వచ్చిన రోజున గట్టు మీద నిలబడి హద్దు చూపించడానికి నువ్వే వెళ్ళు.

ఎప్పుడో ఇల్లు అమ్మాల్సి వచ్చినా, బేరం కుదరక ముందే ఆడిటర్ని కలువు. తాతల నాటిది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ మీద పన్ను కోసం లాభం లెక్కేస్తారు. ఆ విలువకి ఆధారం ఇప్పుడే సంపాదించి పెట్టుకోవాలి.

ఫ్లాటు అద్దెకే తీసుకోండి. చూసేటప్పుడు హాలు చూసి మురిసిపోవద్దు, బాత్రూము చూడండి. తలుపు బయటికి తెరుచుకోవాలి. లోపల పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుని మనిషే అడ్డం పడి తియ్యనివ్వడు. కమోడు పక్కన పట్టుకునే కడ్డీ వేయించుకోవడానికి ఓనరు ఒప్పుకోవాలి. మంచం మీంచి చెయ్యి చాస్తే అందేలా స్విచ్చి ఉండాలి. కరెంటు పోతే లిఫ్టు నడుస్తుందా, మంజీర కుళాయి నీళ్ళు వస్తాయా ట్యాంకరేనా అని వాచ్‌మన్ని అడగండి, బ్రోకర్ని కాదు.

సామాను విషయంలో నా సలహా ఒకటే, ఫ్లాటులో రోజూ వాడేదే తెచ్చుకోండి. పెళ్ళిళ్ళ గుండిగలు గుడికి ఇచ్చెయ్యండి. జాడీ ఒకటి, తమ్ముడి పడక్కుర్చీ, దేవుడి మందిరం తప్పకుండా రావాలి. మిగతావి ఆ ఉంచుకున్న గదిలో పెట్టండి.

సంక్రాంతి ఊళ్ళో చేసుకుని, ఆ తర్వాత వచ్చి మే నెల దాకా ఉండండి. నీళ్ళ ఎద్దడి, ఎండ, పిల్లల సెలవుల గోల అన్నీ అప్పుడే తెలుస్తాయి. మధ్యలో ఆవకాయకి వారం రోజులు ఊరెళ్ళి రండి. ఆ తర్వాత మీ ఇద్దరిలో ఎవరికి వద్దనిపించినా వెనక్కి వెళ్ళిపోండి, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

మన వైపు రైలు లేదు కాబట్టి చించినాడ వంతెన దాటి పాలకొల్లులో నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. సీనియర్ల రాయితీ 2020 మార్చిలోనే తీసేశారు గానీ ఖాళీ ఉంటే లోయర్ బెర్తు ఇస్తారు. సంక్రాంతి రద్దీ కదా, రిజర్వేషన్ తెరవగానే తీసుకో. లింగంపల్లిలో దిగండి, మీ బావగారు స్టేషనుకి వస్తారు. అసలు దస్తావేజులు బ్యాంకు లాకర్లో పెట్టి, జిరాక్సులు మాత్రమే వెంట తెచ్చుకోండి.

మీ అక్క