పొట్టేలు రక్తమా, రొప్పం గాలా?

ప్రశ్న: మాకు 30 నెల్లూరు జోడిపి గొర్రెలున్నాయి. నాలుగేళ్లుగా ఒకటే పొట్టేలు. వానలు మొదలైతే పిల్లలకు దగ్గు, చీమిడి, డొక్కలెగరేయడం. నిరుడు 11 పిల్లలు పోయాయి, అందులో 5 సంతలో కొన్నవి. పొట్టేలు రక్తంలోనే ఉబ్బసం ఉందంటున్నారు. అమ్మేయమంటారా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా

జవాబు: సంతలో కొన్న పిల్లలు మీ పొట్టేలుకు పుట్టినవి కావు కదా. అవీ అదే దగ్గుతో పోయాయంటే ముందు రొప్పాన్ని, అంటే గొర్రెల్ని తోలే దొడ్డిని అనుమానించాలి.

ఇలాంటి దగ్గుకు ఎక్కువగా పాశ్చురెల్లా రకం బ్యాక్టీరియా కారణం. ఆరోగ్యంగా ఉన్న గొర్రె ముక్కు, గొంతులోనూ ఇది ఉంటుంది. వానకు తడిసినా, ఆటోలో కుక్కి తెచ్చినా బలం తగ్గి, అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. జల్లు పడకూడదని చుట్టూ టార్పాలిన్ బిగించేస్తే మూత్రం ఘాటు లోపలే నిలిచిపోతుంది. తెల్లారగానే పిల్లల మూతి ఎత్తుకు వంగి గాలి పీల్చి చూడండి. మీ కళ్లు మండితే కారణం దొరికినట్టే. పరదా కిందివైపు మూడడుగులే కట్టి పైన వదిలేయండి. పెద్ద గొర్రెకు 10 చదరపు అడుగుల చోటుండాలి. బూజు పట్టిన వేరుశనగ కట్టె వేయొద్దు.

వంశం పాత్ర అసలే లేదనను. మేడీ–విస్నా అనే వైరస్ ఊపిరితిత్తుల జబ్బు తేలిగ్గా అంటుకోవడానికి టీఎంఈఎం154 అనే జన్యువులోని తేడా కారణమని 2012లో అమెరికా శాస్త్రవేత్తలు చూపించారు. అయితే అది పెద్ద గొర్రెల్లో నెమ్మదిగా ముదిరే జబ్బు. వానాకాలంలో పిల్లలకొచ్చే దగ్గు అది కాదు.

ఈసారి పిల్ల చనిపోతే పశువైద్యుడితో కోయించండి. ఊపిరితిత్తుల ముందు భాగం కార్జంలా ఎర్రగా గట్టిపడితే న్యుమోనియా, గాలిగొట్టాల్లో తెల్లటి దారాల్లాంటి పురుగులుంటే మందు వేరు. ముక్కు నుంచి నల్లటి రక్తం కారి హఠాత్తుగా చచ్చినదాన్ని మాత్రం కోయొద్దు, అది మనుషులకూ అంటే దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు.

పొట్టేలును ఎలాగూ మార్చండి, దగ్గు కోసం కాదు. నాలుగేళ్లంటే దాని కూతుళ్లే దానికి జతవుతుంటాయి. ఆ పిల్లలు బలహీనంగా పుట్టి, ఏ జబ్బుకైనా ముందు లొంగుతాయి. రెండేళ్లకోసారి వేరే మంద నుంచి పొట్టేలు తెచ్చుకోండి. తెచ్చాక మూడు వారాలు విడిగా కట్టేసి, పీపీఆర్ అనే అంటురోగానికి టీకా వేయించాకే మందలో కలపండి.