కృత్తిక నక్షత్రమా, నక్షత్రాలా?

సందేహం: ఈమధ్యే మేడ మీద నుంచి ఆకాశం చూడటం మొదలుపెట్టాను. యాప్ సాయంతో కృత్తికను వెతికితే ఒక చుక్క కాదు, చుక్కల గుంపు కనిపించింది. మరి పంచాంగంలో ‘కృత్తికా నక్షత్రం’ అని ఏకవచనం ఎందుకు? తప్పు కాదా?

సమాధానం: తప్పు కాదు. ‘నక్షత్రం’ అనే మాటను మనం మూడు అర్థాల్లో వాడుతున్నాం. చిత్త, స్వాతి లాంటి ఒక్క చుక్కా నక్షత్రమే, కృత్తిక లాంటి గుంపూ నక్షత్రమే. కృత్తికలో మామూలు కంటికి ఆరు దాకా కనిపిస్తాయి, బైనాక్యులర్స్‌తో చూస్తే డజన్లకొద్దీ. సంస్కృతంలో అందుకే ‘కృత్తికాః’ అని బహువచనం. తెలుగులోనూ ఆ చుక్కల గురించి రాసేటప్పుడు ‘కృత్తికలు’ అనండి, బాగుంటుంది.

పంచాంగంలోది మూడో అర్థం. చంద్రుడు ఆకాశాన్ని ఒకసారి చుట్టి రావడానికి 27 రోజుల పైచిలుకు పడుతుంది. ఆ దారిని 27 సమభాగాలు చేస్తే ఒక్కోటి 13 డిగ్రీల 20 నిమిషాలు. ఆ భాగాలకే చుక్కల పేర్లు పెట్టారు. అంటే పంచాంగంలో కృత్తిక ఒక చోటు, కాబట్టి ఏకవచనమే సరి. ‘మీది ఏ నక్షత్రం?’ అంటే మీరు పుట్టినప్పుడు చంద్రుడు ఏ భాగంలో ఉన్నాడని. రైతుల నోట వినిపించే రోహిణి కార్తె, సూర్యుడు రోహిణి భాగంలో ఉండే రోజులు.

ఈ తేడా తెలియకపోతే స్వాతి దగ్గర తికమక తప్పదు. పంచాంగం ‘ఈ రోజు స్వాతి’ అంటుంది. తీరా చూస్తే స్వాతి చుక్క చంద్రుడికి ఉత్తరంగా దాదాపు 30 డిగ్రీల దూరంలో ఉంటుంది. చెయ్యి చాపి పిడికిలి పట్టి కొలిస్తే మూడు పిడికిళ్లు! పంచాంగం తప్పు కాదు, స్వాతి చంద్రుడి దారికి అంత ఎడంగా ఉంది మరి.

మీరు అడగకపోయినా ఇంకొకటి. ఓరియన్ అనే చుక్కల గుంపును ‘ఓరియన్ రాశి’ అని రాసేవాళ్లున్నారు. రాశి అంటే కుప్ప కాబట్టి అర్థరీత్యా తప్పు పట్టలేం గానీ, చదివేవాళ్లకు జాతకాలు గుర్తొస్తాయి. మేషం మొదలైన పన్నెండింటికే రాశిని ఉంచి, శాస్త్రజ్ఞులు ఆకాశాన్ని పంచిన 88 భాగాలకు ‘మండలం’ వాడటం నాకిష్టం. సప్తర్షి మండలం ఎటూ మన నోట ఉన్నదే.

కార్తీకానికి ఆ పేరు కృత్తికల వల్లే వచ్చింది. పౌర్ణమినాటి చంద్రుడు వాటి దగ్గర్లో ఉంటాడని. అయితే ఆ వెన్నెల్లో అవి సరిగ్గా ఆనవు. ఓ వారం ఆగి చూడండి, అప్పటికి చంద్రుడు అర్ధరాత్రికి గానీ రాడు.