టెక్ సందేహాలు: కారు కడగడానికి ప్రెషర్ వాషర్ కొనాలా?

ప్రశ్న: ఈ మధ్యే నల్ల రంగు కారు తీసుకున్నాం. ఆదివారాలు నేనే కడుక్కుందామని ఉంది. ప్రెషర్ వాషర్, ఫోమ్ గన్, పాలిషింగ్ మెషిన్ అన్నీ కలిపిన కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాను. తీసుకోవచ్చా? మాది బోరు నీళ్లు. - ఓ పాఠకుడు, నిజాంపేట

జవాబు: కిట్ జోలికి పోకండి. పాలిషింగ్ మెషిన్ అసలే వద్దు, అది రంగు మీదున్న పారదర్శకమైన రక్షణ పూతను (క్లియర్ కోట్) కొద్దికొద్దిగా అరగదీస్తుంది, కొత్త బండికి ఆ అవసరమే లేదు. ప్రెషర్ వాషర్ మంచిదే కానీ పక్కన కుళాయి, ప్లగ్ పాయింట్ రెండూ ఉంటేనే. సెల్లార్ పార్కింగ్ అయితే అది అటక మీదికే.

బండి మీద గీతలు పడేది నీళ్ల వల్ల కాదు, గుడ్డకు అంటుకున్న ఇసుక వల్ల. అపార్ట్‌మెంట్లలో పొద్దున్నే ఒకే బకెట్, ఒకే గుడ్డతో వరసగా అన్ని కార్లూ తుడిచేస్తుంటారు చూడండి, నాలుగో కారుకొచ్చేసరికి ఆ బకెట్‌లో ఉండేది బురదే. అలా తుడిపించిన నల్ల కారు బానెట్ మీద రాత్రిపూట ఫోన్ టార్చ్ వేసి చూడండి, సాలెగూడులా సన్నటి గీతలు కనిపిస్తాయి.

అందుకని డబ్బులు పెట్టాల్సింది ఇక్కడ: రెండు బకెట్లు, ఒకదాంట్లో షాంపూ నీళ్లు, ఇంకోదాంట్లో మామూలు నీళ్లు. మైక్రోఫైబర్ మిట్‌ను (చేతికి తొడుక్కునే మెత్తటి గ్లోవ్) షాంపూలో ముంచి ఒక భాగం రుద్దాక, మామూలు నీళ్లలో జాడించి మళ్లీ షాంపూలో ముంచాలి. అంతకుముందే దుమ్మంతా పైపుతో నీళ్లు కొట్టి దించేయాలి, తర్వాత టాప్ నుంచి కిందికి రావాలి. చక్రాలకు వేరే బ్రష్, వేరే గుడ్డ. పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కానిది) అని రాసున్న కార్ షాంపూ తీసుకోండి, గిన్నెలు తోమే లిక్విడ్ వేస్తే ఉన్న వ్యాక్స్ కాస్తా పోతుంది. తుడవడానికి 800 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువని) పైన ఉన్న పెద్ద టవల్ ఒక్కటి చాలు, ఉతికేటప్పుడు మాత్రం ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయొద్దు, నీళ్లు పీల్చడం మానేస్తుంది.

ఇక బోరు నీళ్లు. మీ అసలు సమస్య ఇదే. నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చెప్పే టీడీఎస్ మీటర్ రెండు మూడు వందలకు దొరుకుతుంది, ఓసారి పెట్టి చూడండి, తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) చెప్పే హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. మీ రీడింగ్ అది దాటి చాలా పైకి పోతే ఎండలో కడిగిన ప్రతిసారీ తెల్ల చుక్కలు మిగులుతాయి, నల్ల రంగు మీద మరీను. ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్లు పట్టి కారుకు వాడేవాళ్లున్నారు, పొదుపు బాగానే ఉంది కానీ ఆ నీళ్లలో ఉప్పు ఇంకా ఎక్కువ, చక్రాలకూ మ్యాట్లకూ వాడుకోండి. చివరి జాడింపుకు మాత్రం ఓ బకెట్ మున్సిపల్ నీళ్లో, వాననీళ్లో పట్టి ఉంచుకుని, నీడలో కడిగి, ఆరకముందే టవల్‌తో అద్దేయండి.

లోపలికి చిన్న వ్యాక్యూమ్, తడి గుడ్డ చాలు. డ్యాష్‌బోర్డ్ పాలిష్ స్టీరింగ్‌కు, పెడల్స్‌కు తగలనివ్వొద్దు, జారతాయి. టచ్‌స్క్రీన్ మీద అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనర్ కొట్టకండి, పైపూత పాడవుతుంది, పొడి మైక్రోఫైబర్‌తో తుడిచేయండి.