అల్లుడూ, ఆ మిషన్ కోట మీదికి తీసుకుపోవద్దు

పెనుకొండ

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నువ్వు మెటల్ డిటెక్టర్ కొన్నావనీ, సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు ఫ్రెండ్సుతో కలిసి కోట ఎక్కుతానంటున్నావనీ మీ అమ్మ మొన్న ఫోన్లో చెప్పింది. "నువ్వైనా చెప్పన్నా, నా మాట వినడు" అని బాధపడింది. ఊరికే వద్దంటే నువ్వు వినవని నాకు తెలుసు. ఎందుకు వద్దో చెబితే వింటావు, చిన్నప్పటినుంచీ నీ గుణం అదే. ఫోన్లో తేలే విషయం కాదు గనక కూర్చుని రాస్తున్నాను. నిదానంగా చదువు.

ముందు ఏనుగుల సంగతి. ఆ కథ నీకు చెప్పింది నేనే. 1565 జనవరిలో రాక్షసి తంగడి (తళ్ళికోట) యుద్ధంలో విజయనగర రాజ్యాన్ని నడుపుతున్న అళియ రామరాయల తల తెగిపడింది. ఆయన తమ్ముడు తిరుమలరాయలు ఆగమేఘాల మీద విజయనగరానికి వచ్చి, 550 ఏనుగుల మీద ఖజానా ఎక్కించుకుని, రాజకుటుంబాన్ని వెంటబెట్టుకుని మన పెనుకొండకు చేరాడని చెప్పుకుంటారు. నీకప్పుడు ఆరేళ్ళు. మిద్దె మీద పడుకుని "మామా, ఆ బంగారమంతా ఇప్పుడెక్కడుంది?" అని అడిగావు. "కొండలోనే ఉంటుందిలే, పడుకో" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

కొండలో లేదు నాయనా. ఖర్చయిపోయింది. సీజర్ ఫెడరీచి అనే వెనిస్ వ్యాపారి యుద్ధమైన రెండేళ్ళకు, 1567లో, విజయనగరంలో ఉన్నాడు. తన కళ్ళముందు జరిగింది రాసిపెట్టాడు. తిరుమలరాయలకు అప్పుడు గుర్రాలు కావాలి. చనిపోయిన రాజు సైన్యంలోని గుర్రాలు ఎవరు తెచ్చినా డబ్బిస్తానని వ్యాపారులకు కబురు పెట్టాడు. వాళ్ళు నమ్మి తోలుకొచ్చారు. గుర్రాలు లాక్కుని, పైసా ఇవ్వకుండా పంపేశాడు. అన్ని ఏనుగుల బంగారం దాచుకున్నవాడు గుర్రాల బాకీ ఎగ్గొడతాడా? ఆ తర్వాత పెనుకొండ మీదికే బీజాపూర్ సుల్తాన్ ఆదిల్‌షా సైన్యాలు వచ్చాయి, చివరికి రాజధాని చంద్రగిరికి పోయింది. సైనికుల జీతాలు, గుర్రాలు, మందుగుండు, కోటగోడల మరమ్మతులు. ఓడిపోయిన రాజ్యం నిలదొక్కుకోవాలంటే బంగారం భూమిలో పాతరేసి కూర్చోదు.

మన సీమలో లంకెబిందెల కథ లేని కోట లేదు. కర్నూలు జిల్లా తుగ్గలి మండలం చెన్నంపల్లి కోటలో 2017 డిసెంబర్లో అధికారులే దగ్గరుండి తవ్వించారు. నెలల తరబడి తవ్వారు, చెప్పుకున్న నిధి రాలేదు. అంతకుముందు 2013లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లాలో ఒక సాధువు కలలో వెయ్యి టన్నుల బంగారం కనబడిందంటే పురావస్తు శాఖ వెళ్ళి తవ్వింది. అక్కడా రాలేదు. ప్రభుత్వం, మిషన్లు, మనుషులు అన్నీ ఉండి రానిది నలుగురు కుర్రాళ్ళకు రాత్రిపూట వస్తుందా?

రాకపోతే పోయిందిలే, సరదాకే కదా అంటావేమో. నా బాధంతా అక్కడే ఉంది.

మన ఊరి చెరువుకట్ట మీద నిలువెత్తు శాసనం ఉండేది, నీకు గుర్తుండదు. నేను కొత్తగా బడిలో చేరినప్పుడు శాసనాల వాళ్ళు వస్తే నీళ్ళబిందె మోసుకుని వాళ్ళ వెంట వెళ్ళాను. రాయిని బ్రష్షుతో కడిగారు. తడికాగితం పరిచి, ఇంకో బ్రష్షుతో తట్టి తట్టి అక్షరాల గుంటల్లోకి దించారు. ఆరుతుండగా మీద సిరా అద్దారు. నల్లటి కాగితం మీద తెల్లగా ఒక్కో అక్షరం లేస్తుంటే నా ఒళ్ళు జలదరించింది. ఆ చెరువు ఎవరు తవ్వించారో, కట్ట మరమ్మతుకు ఎంత మడి ఇచ్చారో, ఈ ధర్మం చెరిపినవాడు గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోతాడని, అంతా అందులో ఉంది. కొన్నేళ్ళకు ఒక అమావాస్య మర్నాడు వెళ్ళి చూస్తే రాయి పక్కకు పడి రెండు ముక్కలై ఉంది. కింద నడుములోతు గొయ్యి. గొయ్యి పక్కన నిమ్మకాయలు, కుంకుమ, కోడి ఈకలు. విరిగింది సరిగ్గా చెరువు తవ్వించిన మనిషి పేరున్న వరుస దగ్గర. పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. మోకాళ్ళ మీద కూర్చుని ఆ పెచ్చులన్నీ ఏరాను. ఒక్క అక్షరం కూడా అతకలేదు.

ఆ రాయి కిందే ఎందుకు తవ్వారో తెలుసా? దాని తల మీద సూర్యుడు, చంద్రుడు చెక్కి ఉన్నారు. అది నిధి గుర్తని వాళ్ళకెవరో చెప్పారు. ఆ గుర్తుకు అర్థం ఆచంద్రార్కం అని, సూర్యచంద్రులున్నంత కాలం ఈ దానం చెల్లాలని. కొన్ని శాసనాల్లో 'నిధి నిక్షేప' అని స్పష్టంగా కనిపిస్తుంది కూడా. అది చదివి ఎగిరి గంతేసినవాళ్ళను చూశాను. నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షిణి, ఆగామి, సిద్ధం, సాధ్యం అని ఎనిమిది, అష్టభోగాలు. భూమి ఇచ్చినప్పుడు దానిమీది హక్కులన్నీ ఇచ్చామని రాసే మాట అది. మీ తాత కొన్న మెట్టచేను దస్తావేజు బీరువాలో ఉంది, తీసి చూడు. అందులోనూ అదే మాట ఉంటుంది. అందులో చెనక్కాయలు తప్ప ఏం పండాయి మనకు?

2019 జూలైలో ఆనెగొంది దగ్గర, తుంగభద్ర మధ్యలోని నవబృందావనంలో వ్యాసరాయల బృందావనాన్ని రాత్రికి రాత్రి కూలదోశారు, కింద నిధి ఉందని. శ్రీకృష్ణదేవరాయల గురువు సమాధి అది. భక్తులు ఏడ్చుకుంటూ రాళ్ళు ఏరి మళ్ళీ నిలబెట్టారు. ఆ కేసులో పట్టుబడినవాళ్ళు మన అనంతపురం జిల్లావాళ్ళని పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

ఇక నీ మిషన్ సంగతి. దాన్ని నేను తక్కువ చేయను, మంచి వస్తువే. దాని తీగచుట్టలో కరెంటు పారి, నేలలోని లోహంలో చిన్న ప్రవాహం పుట్టించి, దాని జవాబును చెవికి వినిపిస్తుంది. అయితే మామూలు మిషన్‌కు రూపాయి బిళ్ళంత వస్తువు జానెడు లోతులో ఉంటే దొరుకుతుంది. ఇంకొంచెం కిందికి పోతే కష్టం. మన ఎర్రనేలలో ఇనుము ఎక్కువ గనక ఉత్తనేలే కూస్తుంది. ఇంకో మాట, చిన్న బంగారు వస్తువుకూ, సిగరెట్ పెట్టెలోని వెండిరంగు రేకుకూ అది దాదాపు ఒకే జవాబిస్తుంది. కోట మీద గుట్కా పొట్లాలు, సీసా మూతలు ఎన్ని పడి ఉంటాయో నీకు తెలుసు. కూసిన ప్రతిచోటా గొయ్యి తీస్తావు. ఇరవై అడుగుల లోతులో బంగారం ఒక్కటే చూపించే మిషన్ అద్దెకిస్తామని ఎవరైనా వస్తే గుమ్మం ఎక్కనివ్వకు. అంజనం వేసి చూపిస్తామనేవాళ్ళూ, బియ్యం గింజలను లాగే మహిమ ఉందంటూ రాగి చెంబు అమ్ముతామనేవాళ్ళూ ఆ కోవలోని వాళ్ళే. చేను అమ్మి అలాంటి చెంబు కొన్న కుటుంబం మన పక్క వీధిలోనే ఉండేది. ఇప్పుడు బెంగుళూరులో కూలికి పోతున్నారు.

ఒకవేళ నిజంగానే దొరికిందనుకో. అదీ చూశాను. పక్క పల్లెలో ఒకాయన నాగలికి కుండ తగిలింది. నేను వెళ్ళేసరికి నాణేలు పంచుకోవడం అయిపోయింది. ఒక్కటి నా అరచేతిలో పెట్టారు. చిటికెన వేలి గోరుకన్నా కాస్త పెద్దది, మూడున్నర గ్రాములు తూగుతుందేమో. ఒకవైపు ఒక మోకాలు పైకెత్తి కూర్చున్న బాలకృష్ణుడు, చేతిలో వెన్నముద్ద. రెండోవైపు నాగరి లిపిలో మూడు వరుసలు, 'శ్రీ ప్రతాప కృష్ణరాయ'. రాయలవారి బంగారు వరహా! వారం తిరక్కుండా అన్నీ కంసాలి మూసలో కరిగిపోయాయి. అలా కరిగించకుండా ఉంచి ఉంటే ఆ కుండ ఎంత చెప్పేదో. అందులో అన్నిటికన్నా కొత్త నాణెం ఏదో చూస్తే, అది ముద్రపడక ముందు ఆ కుండ పాతిపెట్టలేదని తెలుస్తుంది. ఏ భయంతో దాచారో అప్పుడు ఊహించవచ్చు. మెరిసే రెండు తీసి జేబులో వేసుకున్నా ఆ లెక్క చెడిపోతుంది.

జగిత్యాల జిల్లా కోటిలింగాలలో గోదావరి ఒడ్డున ఊరివాళ్ళు ఏరి దాచిన చిన్న చిన్న నాణేలు శాసన పండితుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి కంటబడ్డాయి. కరిగిస్తే ఏమీ రావు. వాటిమీదే శాతవాహన వంశానికి మూలపురుషుడైన సిముకుడి పేరు దొరికింది. అంతకుముందున్న గోబద, నారన లాంటి రాజుల పేర్లూ దొరికాయి. దక్కన్ చరిత్ర తిరగరాయాల్సి వచ్చింది. ఏరినవాళ్ళు పారేయకుండా, అమ్ముకోకుండా, తెలిసినవాళ్ళకు చూపించారు గనక అయింది.

చట్టం కూడా తెలుసుకో, తర్వాత నాకు తెలియదంటే ఎవరూ వినరు. కేంద్రం రక్షణలో ఉన్న కట్టడం దగ్గర అనుమతి లేకుండా తవ్వితే, చెడగొడితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉంది. రాష్ట్రం రక్షించేవాటికి వేరే చట్టం ఉంది. సొంత పొలంలో దొరికినా 1878 నాటి నిధుల చట్టం వర్తిస్తుంది. పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా చెప్పాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు, పైగా వాటా పోతుంది. చెబితే నష్టమేమీ లేదు. సొంతదారు ఎవరూ తేలకపోతే, వేరే ఒప్పందం లేనప్పుడు దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, నేల యజమానికి ఒక వంతు అని ఆ చట్టమే చెబుతుంది. సర్కారు తీసుకోదలిస్తే లోహం విలువ మీద ఐదో వంతు కలిపి చెల్లించాలి. ఈ సంగతి తెలియకనే జనం భయపడి కరిగిస్తారు.

కాబట్టి నువ్వు చేయాల్సింది ఇది. రా, నేనూ వస్తాను, నా మోకాళ్ళు ఇంకా అంత పాడవలేదు. పలుగు, పార వద్దు. మంచి టార్చి, నోటుపుస్తకం, ఫోను చాలు. అరిగిన శాసనం అక్షరాలు నడి ఎండలో సరిగ్గా కనబడవు. చీకటి పడ్డాక టార్చి పక్కనుంచి ఏటవాలుగా పట్టు, అరిగిపోయిందనుకున్న వరుస కూడా లేచి నిలబడుతుంది. సుద్దముక్కతో రాయొద్దు, నూనె పూయొద్దు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, ఊరు, చేను, ఏ దిక్కో రాసుకో. మైసూరులో పురావస్తు సర్వేక్షణ వాళ్ళ శాసన విభాగం ఉంది, అక్కడికి పంపుదాం. నాణెమో, కుండపెంకో కనబడితే కదపకుండా ఫొటో తీసి తహసీల్దారు ఆఫీసులో చెప్పు. కడప జిల్లా కలమళ్ళలో ఎరికల్ ముత్తురాజు శాసనం, సుమారు 575 నాటి మన తొలి తెలుగు శాసనం, గుడి ఆవరణలో ఒక మామూలు రాయిలాగే ఉండేది. అలాంటి రాయి ఇంకోటి ఏ చేనుగట్టు మీదో ఉండకూడదని ఏముంది?

కథలు కూడా రాసుకోవాలి. మన వీధి చివర ముసలామెకు పెనుకొండ ఏనుగుల కథ ఇంకో రకంగా వచ్చు, ఏ ఏనుగు ఏ బండ దగ్గర మోకరిల్లిందో కూడా చెబుతుంది. ఆమెకు ఎనభై దాటాయి. ముందు ఆమె దగ్గరికే పోదాం.

మిషన్ మాత్రం తప్పకుండా తీసుకురా. మీ అత్త పోయినేడు చెనక్కాయలు పీకేటప్పుడు చేలో వెండి మెట్టె పోగొట్టుకుంది, పెళ్ళినాటిది. ఎక్కడో బావి పక్క మడిలోనే అంటుంది. దుక్కి చేసేలోపు వెతికిపెడితే సంతోషిస్తుంది.

అమ్మను అడిగానని చెప్పు.

నీ మామయ్య