జీతం పెంచుకుంటే పెంచుకోనివ్వండి, ఆ సూచీ మనకెందుకు లేదు?

ప్రశ్న ఇది: "ఎంపీలు, ఎమ్మెల్యేలు తమ జీతాలు తామే పెంచుకోవడం న్యాయమేనా? పేదలకిచ్చిన హామీలకు మాత్రం డబ్బుల్లేవంటారెందుకు?"

కొన్నేళ్ళ క్రితం మా జిల్లాలో ఒక ఎమ్మెల్యే గారి క్యాంపు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్‌గా పనిచేశాను. పేరు, పార్టీ చెప్పను. ఏ పార్టీ అయినా ఆ ఆఫీసు అలాగే ఉంటుంది. కాబట్టి జీతాల సంగతి పేపర్లో చదివిన దానికన్నా కొంచెం దగ్గర్నుంచి తెలుసు.

2016 మార్చిలో తెలంగాణలో ఎమ్మెల్యేల జీతభత్యాలు నెలకు రెండున్నర లక్షలు చేశారు. అందులో జీతం 20 వేలే, మిగతా 2 లక్షల 30 వేలూ నియోజకవర్గ భత్యం. అదే నెలలో మా ఆంధ్రాలోనూ పెంచారు. మర్నాడు పొద్దున ఆఫీసు వరండాలో బెంచీల మీద ఎప్పటిలాగే పాతిక మందిదాకా కూర్చున్నారు. పేపర్ చేతులు మారుతోంది. రిటైరైన మాస్టారొకరు అందరికీ వినిపించేలా అందుకున్నారు. "చూశారా! పనీ పాటూ లేదు, చేతులెత్తి జీతాలు పెంచేసుకున్నారు. మన డీఏ బకాయిలు అడిగితే మాత్రం ఖజానా ఖాళీ!" బెంచీ అంతా తలూపింది. నేనూ ఊపాను, నా జీతం ఆరువేలు మరి.

గంట తర్వాత ఎమ్మెల్యే గారు బయటికొచ్చారు. మాస్టారు లేచి నమస్కారం పెట్టి సంచిలోంచి చందా పుస్తకం తీశారు. శ్రీరామనవమి పందిళ్ళకి.

"పోయినేడు ఎంత రాశాం మాస్టారూ?"

"పదివేలు బాబూ. ఈసారి జీతం పెరిగిందిగా, పదిహేను రాయండి."

ఎమ్మెల్యే గారితో సహా అందరూ పగలబడి నవ్వారు. రాశారు కూడా, పదిహేనే. మాస్టారు రసీదు చింపి ఇచ్చారు, అందులో ఆయనకి ఏ మొహమాటమూ కనిపించలేదు. కనిపించాల్సిన అవసరం ఉందని కూడా నేననుకోను.

మా పీఏ గారి దగ్గర పొడుగాటి రిజిస్టర్ ఒకటి ఉండేది. పెళ్ళి, చావు, గుడి, ఆసుపత్రి అని గళ్ళు. పెళ్ళిళ్ళ సీజన్‌లో సాయంత్రం కారెక్కే ముందు కవర్లు కట్టే పని నాది. మామూలు కార్యకర్త ఇంటికి ఒక కవరు, ఊళ్ళో నాలుగు ఓట్లు తిప్పగలిగే మనిషికి ఇంకో కవరు. తారుమారు కాకుండా వెనక మూలన పెన్సిల్‌తో చిన్న అంకె వేసేవాణ్ణి. ఒకసారి అంకెలు చెరిగిపోతే పీఏ గారు రోడ్డు పక్కన కారాపించి, డోమ్ లైటు వెలుగులో అన్నీ విప్పి మళ్ళీ సర్దించారు. ఒక్క రాత్రికి వెళ్ళే కవర్ల మొత్తం చూస్తే నెల జీతం ఎన్నాళ్ళొస్తుందో లెక్కేయడానికి క్యాలిక్యులేటర్ అక్కర్లేదు.

అందుకే జీతం పెరిగిందన్న వార్తకి నాకు కోపం రాదు. లెక్క చూడండి. ఎంపీ జీతం ఇప్పుడు నెలకి 1,24,000. ఐదేళ్ళకి 74 లక్షల 40 వేలు. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి చట్టప్రకారం పెట్టుకోగల ఎన్నికల ఖర్చే 95 లక్షలు. అసలు ఖర్చు సంగతి నేను చెప్పక్కర్లేదు, మీ ఊళ్ళో ఓటుకెంతిచ్చారో మీకు తెలుసు. భత్యాలు వేరే ఉంటాయనుకోండి, అవి కలిపినా జీతం కోసం పార్లమెంటుకి వెళ్ళేవాడు ఎవడూ లేడు.

"అయితే జీతమే వద్దు, సేవ చెయ్యమనండి" అని కింద ఎవరో ఒకరు రాస్తారు, రాయకుండా ఉండరు. జీతం తీసేస్తే మిగిలేది కాంట్రాక్టర్లూ, రియల్ ఎస్టేట్ వాళ్ళూ. పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకి సైకిల్ మీద వెళ్ళేవారని గొప్పగా చెప్పుకుంటాం. ఇల్లెందులో ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య గారి సైకిల్ గురించీ చెప్పుకుంటాం. సొంత ఆస్తిలేని అలాంటివాళ్ళు చట్టసభలో నిలబడాలంటే జీతం ఉండి తీరాలి. పైగా సైకిల్ మీదొచ్చే ఎమ్మెల్యే పెళ్ళికొచ్చి కవరివ్వకపోతే మనమేమంటామో ఆ వరండాలో నేను విన్నాను.

మధ్యలో ఇంకో మాట. ఆ ఉద్యోగంలో నేను ఎక్కువగా టైప్ చేసింది తిరుమల దర్శనానికి సిఫారసు లేఖలు. తర్వాత ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తులు. అసెంబ్లీలో అడగాల్సిన ప్రశ్న టైప్ చేయించడమంటే ఎప్పుడో పండక్కొకసారి. తెలంగాణ ప్రజాప్రతినిధుల లేఖలు కొండ మీద చెల్లడం లేదని నెలల తరబడి గొడవ నడిచి 2025 మార్చిలో తేలింది. రెండు ప్రభుత్వాలు కూర్చుని మాట్లాడుకోవాల్సిన పనులు ఎన్నో ఉండగా, జనానికీ నాయకులకీ అంత పట్టుదల వచ్చింది బ్రేక్ దర్శనం మీద! దేవుడి దగ్గరికి ఎమ్మెల్యే సంతకంతో వెళ్ళేవాళ్ళం, ఎమ్మెల్యే జీతం గురించి మాట్లాడుతున్నాం.

సరే, అసలు మంట ఎక్కడో చెబుతాను. అదే 2025 మార్చిలో ఎంపీల జీతం లక్ష నుంచి 1,24,000 చేస్తూ కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది, 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా. మాజీల పింఛను 25 వేల నుంచి 31 వేలైంది. సభలో బిల్లు లేదు, చర్చ లేదు. ఎందుకంటే ఐదేళ్ళకోసారి ధరల సూచీని, అంటే ధరలు ఎంత పెరిగాయో చెప్పే లెక్కని బట్టి దానంతటదే పెరిగేలా 2018లోనే చట్టంలో రాసేసుకున్నారు. తెలివైన పని, తప్పుపట్టను. ఎవరి జీతమైనా అలాగే పెరగాలి.

మరి మిగతావాళ్ళది? మా మేనమామ ఒక స్పిన్నింగ్ మిల్లులో జీవితమంతా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకొచ్చే ఈపీఎఫ్ పింఛను, దాని కనీస మొత్తం 2014 సెప్టెంబరులో వెయ్యి రూపాయలని పెట్టారు, అక్కడే ఆగిపోయింది. 60 నుంచి 79 ఏళ్ళ పేద వృద్ధులకి కేంద్రం ఇచ్చే వాటా నెలకి 200. అదీ ఎప్పటిదో మాట. పీఎం కిసాన్ 2019లో ఏడాదికి 6,000తో మొదలైంది, ఎరువుల బస్తా రేటు ఏమైనా అదే 6,000. ధరలు ఎంపీ గారి ఇంట్లో పెరుగుతాయి, మా మామయ్య ఇంట్లో పెరగవు అన్నమాట.

ఇక్కడే హామీల గొడవ మొదలవుతుంది. ఆంధ్రాలో వృద్ధుల పింఛను 2014లో వెయ్యి అయింది, 2019 ఎన్నికల ముందు రెండు వేలైంది. తర్వాతి ప్రభుత్వం మూడు వేలన్నది, విడతకి 250 చొప్పున లాగి లాగి 2024 జనవరికి చేర్చింది. ఆ ఎన్నికల్లో ఇవతలివాళ్ళు నాలుగు వేలన్నారు, జూలై 1న పాత బకాయితో కలిపి 7,000 చేతిలో పెట్టారు. రెండు పార్టీలూ ఒకదాన్నొకటి తిట్టుకుంటూనే ఈ ఒక్క మాటా నిలబెట్టుకున్నాయి. ఎందుకంటారు? ఒకటో తారీఖు పొద్దున్నే ముసలమ్మ నోట్లు లెక్కపెట్టుకుంటుంది కాబట్టి. వంద తగ్గినా వీధంతా తెలుస్తుంది. లెక్కపెట్టడానికి వీల్లేని హామీలకి ఆ భయం లేదు. ప్రత్యేక హోదా అని 2014 ఫిబ్రవరిలో రాజ్యసభలో సాక్షాత్తూ ప్రధానే చెప్పారు, 2016కి అది ప్యాకేజీగా మారింది. దశలవారీ మద్యనిషేధం అన్నారు, ఆ దశలు ఎక్కడిదాకా వచ్చాయో మందు తాగేవాళ్ళని అడగండి.

చదువుకున్నవాళ్ళకి మాత్రం ఆ నాలుగు వేలే ఉచితాలుగా కనిపిస్తాయి. 2022లో ప్రధాని ఉచితాల పంపకాన్ని 'రేవడీ (మిఠాయి) సంస్కృతి' అన్నప్పుడు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చప్పట్లతో నిండిపోయింది. 2024లో మహారాష్ట్రలో ఆయన కూటమే ఎన్నికల ముందు ఆడవాళ్ళకి నెలకి 1,500 ఇస్తే మాత్రం గ్రూపులో అందరూ గుడ్ మార్నింగ్ ఫొటోలు పెట్టుకున్నారు. ఏ పార్టీకీ ఇందులో మినహాయింపు లేదు. సుప్రీంకోర్టు 2013లోనే మేనిఫెస్టో హామీలు ఎన్నికల చట్టం ప్రకారం అవినీతి చర్య కిందికి రావని చెప్పింది. కోర్టు ఆపదు, ఎన్నికల సంఘం ఆపదు. అలాంటప్పుడు ఉచితాలు వద్దని నీతులు చెప్పడం కన్నా, ముసలివాళ్ళ పింఛనుకి ఎంపీ జీతానికున్న సూచీనే కట్టేస్తే ఎన్నికల్లో వేలంపాటే ఉండదు. నాలుగు వేలు, ఐదు వేలు అని అరవడానికి ఎవరికీ ఏమీ మిగలదు. పార్టీలు ఈ మాట పెద్దగా ఎత్తకపోవడానికి కారణం కూడా అదేనని నా గట్టి నమ్మకం.

మాజీల పింఛను గురించి అడుగుతారు కాబట్టి అదీ చెబుతాను. ఎన్నిసార్లు గెలిచినా మాజీ ఎమ్మెల్యేకి ఒక్కటే పింఛను అని పంజాబ్ 2022లో తేల్చేసింది. మన రెండు రాష్ట్రాలూ ఆ పని రేపే చెయ్యొచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ దాంతో మిగిలే డబ్బుతో ఏదో ఒరుగుతుందని మాత్రం అనుకోకండి. నేను అడిగేది వేరు. 2028లో ఎంపీల జీతం మళ్ళీ సవరించాలి, చట్టంలోనే ఉంది. ఆ కాగితం మీద సంతకం పెట్టే రోజునే ఆ 200నీ, మా మామయ్య వెయ్యినీ కూడా సవరించాలి. అప్పుడు వాళ్ళ జీతం రెండింతలు చేసుకున్నా నేను నోరెత్తను.